బడి డబ్బాలో చిరుతిండి: పది నిమిషాల్లో తినగలిగేది, విరామం దాకా పాడవనిది ఏది పెట్టాలి?

ప్రశ్న: హన్మకొండ అమ్మ

అందరికీ నమస్కారం. మాది హన్మకొండ. బాబుకు ఎనిమిదేళ్లు, మూడో తరగతి చదువుతున్నాడు. పాపకు నాలుగున్నరేళ్లు, ఎల్‌కేజీ. ఇద్దరిదీ ఒకటే బడి. ఉదయం 7:50కి బస్సు ఎక్కుతారు, 10:40కి పది నిమిషాల చిన్న విరామం ఉంటుంది, 12:45కి భోజనం. భోజనం విషయంలో నాకు ఇబ్బంది లేదు, అన్నం పప్పు కూర ఏది పెట్టినా తింటారు. నా ప్రశ్న అంతా ఆ చిన్న విరామానికి పెట్టే రెండో డబ్బా గురించే.

గత నెల బాబుకు జ్వరం వచ్చినప్పుడు రక్త పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 10.8 అని వచ్చింది. ఈ వయసు పిల్లలకు 11.5కు తగ్గకూడదని చెప్పి, డాక్టరు గారు ఐరన్ మందు రాసి, తిండి కూడా సరిచేయమన్నారు. ఇంటికి వచ్చి ఆ వారం డబ్బాల్లో ఏమేం పెట్టానో గుర్తు చేసుకుంటే నాలుగు రోజులు క్రీము బిస్కెట్లు, ఒక రోజు చిప్సు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరుసటి సోమవారమే రాగి ఇడ్లీ చేసి పంపాను. సాయంత్రం డబ్బా తెరిస్తే నాలుగు ఇడ్లీల్లో ఒకదానికి మాత్రం ఒక మూల కొరికిన గుర్తు ఉంది. మిగిలినవి అంచులు ఎండి గట్టిపడ్డాయి. చట్నీ గిన్నె మూత ఊడి లెక్కల నోటుబుక్కు కింది పేజీలన్నీ తడిసిపోయాయి. ఎందుకు తినలేదురా అని అడిగితే, "చట్నీ మూత తీసేసరికే బెల్లు కొట్టారమ్మా" అన్నాడు. మర్నాడు మొలకెత్తిన పెసర్లు పెట్టాను. వాసన వస్తోందని పక్క పిల్లలు అన్నారట, మూత కూడా పూర్తిగా తెరవలేదు.

మా ఇద్దరివీ ఉద్యోగాలు కాబట్టి ఉదయం ఈ డబ్బా కోసం పావుగంటకు మించి కేటాయించలేను. బడిలోకి గుడ్డు, మాంసం తేవద్దనే నియమం ఉంది. బాదం, పిస్తా రోజూ కొనే స్తోమత మాకు లేదు. మన దగ్గర దొరికే దినుసులతో, మన ఇళ్లలో చేసుకునే పద్ధతిలో ఏం పెట్టవచ్చో అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు: పరకాల టీచరమ్మ

అమ్మా, నేను ముప్పై రెండేళ్లు ప్రాథమిక పాఠశాలల్లో పని చేసి రిటైరయ్యాను. పిల్లలు చిన్న విరామంలో ఏం చేస్తారో రోజూ కళ్లారా చూసినదాన్ని కాబట్టి ముందుగా దాని గురించి చెబుతాను. పది నిమిషాల్లో మూడు నాలుగు నిమిషాలు మూత్రశాల దగ్గర వరుసలో, మంచినీళ్ల దగ్గర పోతాయి. చివరి రెండు నిమిషాలు ఆటకు పోతాయి, వాటిని ఎవరూ ఆపలేరు, ఆపకూడదు కూడా. తిండికి మిగిలేది నాలుగైదు నిమిషాలు. ఆ నాలుగైదు నిమిషాలూ పిల్లవాడు వరండాలో నిలబడి, ఒక చేత్తో డబ్బా పట్టుకొని, రెండో చేత్తో తింటాడు. రెండు మూతలు తీయాల్సినవి, ముంచుకోవాల్సినవి, చేయి కడుక్కోవాల్సినవి ఎంత బలవర్ధకమైనవైనా అక్కడ చెల్లవు. మీ రాగి ఇడ్లీ ఓడిపోవడానికి రాగులు కారణం కాదమ్మా, చట్నీ కారణం.

మన ఇళ్లలో దీనికి సరిగ్గా సరిపోయే తిండి గుడాలు. శనిగలు, బొబ్బెర్లు, పల్లీలు ఏవైనా సరే. రాత్రి పడుకునే ముందు ఇద్దరికీ కలిపి రెండు గుప్పిళ్లు నానబెట్టండి. ఉదయం కొంచెం ఉప్పు వేసి కుక్కర్లో నాలుగైదు విజిల్స్ రానిచ్చి, నీళ్లు పూర్తిగా వంపేయండి. ఆ తరువాత చేసే పనిని చాలామంది వదిలేస్తారు. ఉడికిన గింజలను పొడిగుడ్డ మీద పరిచి, ఫ్యాను కింద ఐదు నిమిషాలు ఆరనివ్వాలి. అప్పుడు చెంచాడు నూనెలో ఆవాలు, జీలకర్ర, కరివేపాకు, ఒక ఎండుమిర్చి వేసి, గింజలు కలిపి, తడి పోయేదాకా వేయించాలి. తడితో, వేడితో మూత పెడితే లోపల చెమట పట్టి, విరామం వేళకే గింజ జిగురు తిరిగి వాసన వేస్తుంది. మీ మొలకల సంగతీ అదే అయి ఉంటుంది. మొలకలే పెట్టాలనుకుంటే ఐదు నిమిషాలు ఆవిరి మీద ఉడికించి, ఇలాగే పోపులో ఆరబెట్టి పెట్టండి.

రెండోది సర్వపిండి. వరంగల్లో, కరీంనగర్లో పుట్టిన వారికి దీన్ని పరిచయం చేయనక్కరలేదు, కానీ దీన్ని సాయంత్రపు తిండిగానే చూస్తాం, బడి డబ్బాకు తలచుకోం. కప్పు బియ్యప్పిండికి రెండు చెంచాల నానిన శనగపప్పు, రెండు చెంచాల నువ్వులు, గుప్పెడు పల్లీలు కచ్చాపచ్చాగా దంచినవి, కరివేపాకు, ఉల్లికాడ, కారం, ఉప్పు వేసి గోరువెచ్చని నీళ్లతో కలపాలి. గిన్నె లోపల నూనె రాసి, పిండిని అడుగున, పక్కలకు పల్చగా ఒత్తి, వేలితో అక్కడక్కడ రంధ్రాలు చేసి, ఒక్కో రంధ్రంలో చుక్క నూనె వేసి, మూత పెట్టి, సన్నని మంట మీద పది పన్నెండు నిమిషాలు ఉంచాలి. తిరగేసే పని లేదు, నిలబడి చూసుకునే పని లేదు. మా అమ్మ ఎప్పుడూ రెండు గిన్నెలు పెట్టుకొని చేసేది, ఎందుకంటే మొదటి వాయి తీసిన గిన్నె వేడిగా ఉండి రెండో వాయి ఒత్తబోతే చేయి కాలుతుంది. ఒకటి పొయ్యి మీద ఉండగా ఇంకొకటి నీళ్ల పళ్లెంలో చల్లారుతూ ఉండేది. శనగపప్పు రాత్రే నానబెట్టి, పల్లీలు రాత్రే దంచి ఉంచుకుంటే మీ పావుగంటలో ఇది అయిపోతుంది. చల్లారాక రూపాయి బిళ్లకు రెండింతల ముక్కలుగా విరిచి డబ్బాలో పెట్టండి.

రక్తం తక్కువ ఉందన్నారు కాబట్టి బెల్లంతో చేసిన పల్లీపట్టి, నువ్వుల ముద్ద కూడా రోజూ ఒకటి పెట్టండి. బెల్లం రక్తం పడుతుందని పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

జవాబు: కరీంనగర్ ఆహార నిపుణురాలు

నమస్కారం. నేను పోషకాహార శాస్త్రం చదివి, కరీంనగర్‌లో పిల్లల ఆహారం గురించి సలహాలు ఇస్తుంటాను. టీచరమ్మ గారు చెప్పిన గుడాలు, సర్వపిండి రెండూ నాకు పూర్తిగా సమ్మతమే. బెల్లం విషయంలో మాత్రం గౌరవంతో విభేదిస్తున్నాను.

100 గ్రాముల బెల్లంలో ఉండే ఇనుము 5 మిల్లీగ్రాముల లోపే. ఒక ముద్దలో పడే బెల్లం పది గ్రాములు అనుకుంటే దాని నుంచి వచ్చేది అర మిల్లీగ్రాము. ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు రోజుకు 15 మిల్లీగ్రాముల ఇనుము అవసరమని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో నిర్ణయించిన ప్రమాణం చెబుతోంది. అంటే బెల్లం మీద భరోసా పెట్టుకుంటే లెక్క ఎక్కడికీ చేరదు. పైగా బెల్లమైనా చక్కెర కిందికే వస్తుంది. కలిపిన చక్కెరలు మొత్తం శక్తిలో పదో వంతుకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. రోజుకు 1,700 కిలో క్యాలరీలు తినే పిల్లవాడికి అది సుమారు 42 గ్రాములు, అందులో సగానికి తగ్గిస్తే ఇంకా మేలు. వారానికి రెండు ముద్దలు పెట్టండి, సంతోషమే. కానీ ఆ ముద్దలో విలువైనది నువ్వులు, బెల్లం కాదు.

నువ్వుల గురించి ఒక మాట. పొట్టుతో ఉన్న నువ్వుల్లో 100 గ్రాములకు 1,200 మిల్లీగ్రాములకు పైగా క్యాల్షియం ఉంటుంది. పొట్టు తీసి తెల్లగా మెరిసేలా చేసిన నువ్వుల్లో అందులో చాలా భాగం పోతుంది. కొట్లో తెల్లగా ఉన్నవి చూడముచ్చటగా ఉంటాయి, కానీ మట్టి రంగువో, నల్లవో కొనండి. వాటిని దోరగా వేయించి దంచి వాడితేనే ఒంటికి పడతాయి. గింజ గింజగా మింగితే చాలావరకు అలాగే బయటికి పోతాయి.

ఇక ఇనుము. 30 గ్రాముల ఎండు శనిగలతో చేసిన గుడాల్లో సుమారు ఐదున్నర గ్రాముల మాంసకృత్తులు, రెండు మిల్లీగ్రాముల ఇనుము ఉంటాయి. మీ బాబుకు రోజుకు కావలసిన మాంసకృత్తులు 23 గ్రాములు కాబట్టి చిన్న డబ్బాతోనే దాదాపు పావు వంతు వస్తుంది. కానీ గింజల్లోని ఇనుము మాంసంలోని ఇనుములా సులభంగా ఒంటపట్టదు. రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోయడం, మొలకెత్తించడం, పుల్లని పండు తోడు చేయడం వల్ల అది మెరుగవుతుంది. గుడాలు చల్లారిన తరువాత, డబ్బాలో పెట్టే ముందు, నాలుగు చుక్కలు నిమ్మరసం పిండండి. పొయ్యి మీద ఉండగా పిండితే విటమిన్ సి చాలావరకు పోతుంది. నిమ్మకంటే మేలైనది జామ. 100 గ్రాముల జామకాయలో 200 మిల్లీగ్రాముల దాకా విటమిన్ సి ఉంటుంది. చలికాలంలో మన రోడ్ల మీద బండ్లన్నీ జామకాయలే. గుడాల పక్కన నాలుగు జామ ముక్కలు పెడితే అంతకు మించిన జత నాకు తెలియదు.

మీ పాప విషయంలో జాగ్రత్త. ఐదేళ్ల లోపు పిల్లలకు విడి పల్లీలు, వేయించిన గట్టి శనిగలు, మిక్చర్ వంటివి ఇవ్వకండి, ముఖ్యంగా తోటి పిల్లలతో పరుగెత్తే విరామంలో. గొంతులో అడ్డుపడే ప్రమాదం నిజమైనది. పాపకు గుడాలను మెత్తగా ఉడికించి, వేళ్లతో నలిపి, చిన్న టిక్కీగా చేసి పెనం మీద కాల్చి ఇవ్వండి. సర్వపిండిలోకి కూడా పల్లీలు పొడిగా దంచి వేయండి.

నావి రెండు ప్రశ్నలు. బాబు ఉదయం ఇంట్లో చాయ్ తాగుతాడా? ఈ మధ్య నులిపురుగుల మాత్ర వేసుకున్నాడా? ఏటా ఫిబ్రవరి 10న జాతీయ నులిపురుగుల నివారణ దినం సందర్భంగా ప్రభుత్వ, ప్రైవేటు బడుల్లో ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు. ఆ రోజు బడికి వెళ్లని పిల్లలకు తరువాత మరో రోజు కూడా ఇస్తారు. కడుపులో పురుగులు ఉంటే ఎన్ని గుడాలు పెట్టినా రక్తం నిలవదు. చివరగా, డాక్టరు గారు రాసిన ఐరన్ మందును తిండి మార్చామని ఆపేయకండి. తగ్గిన రక్తాన్ని తిండి ఒక్కటే త్వరగా నింపలేదు.

జవాబు: కాజీపేట నాన్న

సోదరి గారికి నమస్కారం. నేను రైల్వేలో షిఫ్టు ఉద్యోగిని. మా ఆవిడ ఉదయం ఏడింటికే ఆసుపత్రి డ్యూటీకి వెళ్తుంది కాబట్టి ఐదేళ్లుగా పిల్లల డబ్బాలు నేనే కడుతున్నాను. పెద్దలిద్దరూ చెప్పిన దానికి నా వైపు నుంచి పని జరిగే తీరు మాత్రం కలుపుతాను.

ఉదయం ఏమీ ఆలోచించకూడదు. ఏ రోజు ఏది అన్నది ఆదివారమే తేలిపోవాలి. నేను ఆదివారం మధ్యాహ్నం ఒక గంటలో రెండు పనులు చేస్తాను. పావుకిలో నువ్వులు, పావుకిలో పల్లీలు విడివిడిగా వేయించి, దంచి, కొంత పొడి సీసాలో పెట్టి, కొంత తక్కువ బెల్లంతో ముద్దలు కడతాను. రెండోది అటుకులు. పల్చటి అటుకులను మూకుట్లో నూనె లేకుండా కరకరలాడేదాకా వేయించి పక్కన పెట్టి, రెండు చెంచాల నూనెలో పుట్నాలు, కరివేపాకు, పసుపు, కొంచెం కారం వేసి కలిపితే గాలి చొరని డబ్బాలో పది రోజులు నిలుస్తుంది. కరెంటు పోయి, కుక్కరు ఆలస్యమై, ఏమీ కుదరని ఉదయం ఒకటి ప్రతి వారం వస్తుంది. ఆ ఉదయం చేయి బిస్కెట్ల వైపు పోకుండా కాపాడేది ఈ అటుకుల డబ్బానే.

పల్లీలు కొనేటప్పుడు చూసి కొనండి. ముడతలు పడినవి, రంగు మారినవి, చేదుగా ఉన్నవి, బూజు చుక్క ఉన్నవి ఏరి పారేయాలి. బూజు పట్టిన పల్లీల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండవచ్చు, వేయించినా అది పూర్తిగా పోదు. వానకాలంలో నేను నెలకు సరిపడా తీసుకురాను, వారం వారం అరకిలో తెస్తాను.

ఏ కాలానికి ఆ తిండి. వానకాలం చివర మక్క కంకులు వచ్చినప్పుడు ఉడకబెట్టి గింజలు వలిచి, ఉప్పు నిమ్మరసం కలిపి పెడితే మా చిన్నది ఒక్క గింజ మిగల్చదు. మక్క గారెలు అందరికీ ఇష్టమే, కానీ నూనెలో దేవినవి చల్లారాక డబ్బాలో మెత్తబడతాయి, ఇంట్లో వేడిగా తినడానికే అవి బాగుంటాయి. దసరా ముందు సద్దుల బతుకమ్మకు చేసే మలీద ముద్ద కూడా బడి డబ్బాకు చక్కగా సరిపోతుంది. రొట్టెను వేడి మీదే నలిపి, బెల్లం కొంచెం తగ్గించి, నెయ్యి వేసి ముద్ద కడితే మధ్యాహ్నం దాకా మెత్తగానే ఉంటుంది. శివరాత్రి రోజుల్లో కందగడ్డలు వస్తాయి, రాత్రి ఉడికించి పొద్దున పెనం మీద ముక్కలు కాల్చి పెట్టవచ్చు. సంక్రాంతి తరువాత నెల రోజులు ప్రతి ఇంట్లో సకినాలు ఉంటాయి, పిల్లలు అడుగుతారు. గుడాల పక్కన రెండు పెట్టండి, డబ్బా నిండా మాత్రం వద్దు.

మార్చి నడుమ ఒంటిపూట బడులు మొదలయ్యాక లెక్క మారిపోతుంది. ఎండ నలభై దాటే రోజుల్లో వండిన తడి తిండి రెండు గంటలు కూడా నమ్మకూడదు. పెరుగన్నం, కొబ్బరి కలిపినవి, ఉల్లిగడ్డ ఎక్కువ వేసినవి, సొరకాయ తురిమి చేసిన సర్వపిండి ఆ నెలన్నర మా ఇంట్లో పూర్తిగా బంద్. పొడిగా ఉన్న అటుకులు, ముద్దలు, పుట్నాలు పెడతాను, ఇంకో చిన్న డబ్బాలో కోయకుండా చిన్న కీరకాయ ఒకటి పెడతాను. కోసిన పుచ్చకాయ ముక్కలు ఒకసారి పెట్టి చూశాను, పదింటికల్లా నీరుకారి పులిసిన వాసన వచ్చింది.

బిస్కెట్ల ప్యాకెట్టు వెనక రాసిన పదార్థాల వరుసను ఒకసారి చదవండి. బరువులో ఎక్కువ ఉన్నది ముందు రాయాలి కాబట్టి ఆ వరుసే అన్నీ చెప్పేస్తుంది. ముందు వైపు గోధుమ కంకి, పాల గ్లాసు బొమ్మ ఉంటాయి, వెనక మొదటి మూడు మాటలు చాలా వాటిలో మైదా, చక్కెర, పామాయిల్. చిరుధాన్యాల బిస్కెట్లని రాసినవి కూడా వెనక తిప్పి చదివాకే కొనండి.

హన్మకొండ అమ్మ

ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. చాయ్ గురించి అడిగిన ప్రశ్న చదివి ఉలిక్కిపడ్డాను. మా మామగారు ఉదయం చాయ్ తాగేటప్పుడు బాబు కూడా పక్కన కూర్చొని చిన్న గ్లాసుతో తాగుతాడు, దాని వెంటనే నేను ఐరన్ మందు పోస్తున్నాను. నులిపురుగుల మాత్ర బడిలో ఇచ్చిన రోజు వాడు జ్వరంతో ఇంట్లోనే ఉన్నాడు, తరువాత మళ్లీ అడగాలని నాకు తోచలేదు.

ఇంకో రెండు సందేహాలు. బడి గేటు పక్కనే ఒక డబ్బా కొట్టులో చిప్సు, రంగు రంగుల జెల్లీలు అమ్ముతారు, బస్సు దిగిన పిల్లలందరూ అక్కడే గుమిగూడతారు. దీన్ని అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉందా? రెండోది, బాబుకు రాగులంటే ఇష్టం లేదు. క్యాల్షియం కోసం రాగులు తప్పనిసరా?

కరీంనగర్ ఆహార నిపుణురాలు

చాయ్‌లోని టానిన్లు ఇనుమును పట్టేసి ఒంటికి అందకుండా చేస్తాయి. మందుకు, చాయ్‌కి నడుమ కనీసం గంట రెండు గంటల ఎడం ఉండాలి. ఈ వయసులో చాయ్ అసలు మానిపించడమే మంచిది. పాలు కూడా మందుతో కలిపి ఇవ్వకండి, సాయంత్రం బడి నుంచి వచ్చాక ఇవ్వండి. నులిపురుగుల మాత్ర గురించి మీ డాక్టరు గారిని అడిగి ఇప్పుడే వేయించండి.

రాగులు మంచివే, 100 గ్రాములకు 364 మిల్లీగ్రాముల క్యాల్షియం ఉంటుంది, కానీ తప్పనిసరి కాదు. బాబు పాలు, పెరుగు తీసుకుంటూ, పొట్టు నువ్వుల పొడి రోజూ రెండు చెంచాలు తింటే చాలు. ఇష్టం లేనిదాన్ని డబ్బాలో పెట్టి పంపితే అది తిరిగి ఇంటికే వస్తుంది. సర్వపిండి బియ్యప్పిండిలో నాలుగో వంతు రాగిపిండి కలిపి చూడండి, కారం, నువ్వుల రుచి కింద అది తెలియకపోవచ్చు.

కొట్టు సంగతి. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న ఆహారాన్ని బడి ఆవరణలో, గేటుకు 50 మీటర్ల లోపు అమ్మకూడదని ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2020లో నిబంధనలు చేసింది. ప్రధానోపాధ్యాయులకు పది మంది తల్లిదండ్రులు కలిసి సంతకాలతో రాసివ్వండి, ఒక్కరు వెళ్లి అడగడం కన్నా అది బలంగా ఉంటుంది. ఆ కొట్టు నడిపేది కూడా ఎవరో చిన్న కుటుంబమే అయి ఉంటుంది. ఉడికించిన పల్లీలు, మక్క కంకులు, జామకాయలు అమ్ముకోమని ముందు మీరే ఒక మాట అడిగి చూడండి.

హన్మకొండ అమ్మ (ఐదు వారాల తరువాత)

చెప్పినవన్నీ చేసి చూశాక రాయాలని ఇన్నాళ్లు ఆగాను. ఇప్పుడు మా ఇంట్లో సోమ, గురువారాలు శనగ గుడాలు, మంగళవారం నువ్వుల ముద్దతో జామ ముక్కలు, బుధవారం సర్వపిండి, శుక్రవారం అటుకులు. పాపకు టిక్కీ ఒక్కటే నచ్చింది, దాన్నే వారంలో మూడు రోజులు పెడుతున్నాను. బొబ్బెర గుడాలు రెండుసార్లు పెట్టాను, రెండుసార్లూ తిరిగి వచ్చాయి, మానేశాను. ముద్దలు మొదటి వారం మరీ గట్టిగా కట్టాను, బాబు కొరకలేక జేబులో పెట్టుకొని తెచ్చాడు. బెల్లం పాకం పట్టకుండా దంచి కలిపితే ఆ ఇబ్బంది పోయింది. రాగిపిండి నాలుగో వంతు కలిపిన సర్వపిండిని బాబు గుర్తుపట్టాడు, కానీ తిన్నాడు.

చాయ్ మానిపించడం అన్నిటికన్నా కష్టమైంది. రెండు రోజులు ఏడ్చాడు. మూడో రోజు మా మామగారే తన గ్లాసు తీసుకొని వాకిట్లోకి వెళ్లి తాగడం మొదలుపెట్టారు. ఎనభై ఏళ్ల మనిషి మనవడి కోసం అలా చేయడం చూసి నాకు కళ్లు చెమర్చాయి. పురుగుల మాత్ర వేయించాం. రక్త పరీక్ష మూడు నెలలకు మళ్లీ చేయించమన్నారు, అప్పటికి ఇంకా ఏడు వారాలు ఉంది. కొట్టు విషయమై పద్నాలుగు మందిమి సంతకాలు చేసి ఇచ్చాం, సమాధానం కోసం ఎదురు చూస్తున్నాం.

మొన్న బుధవారం బాబు డబ్బా ఖాళీగా తెచ్చి, "అమ్మా, రేపటి నుంచి ఇంకో నాలుగు ముక్కలు ఎక్కువ పెట్టు, మా బెంచీలో ముగ్గురం తింటున్నాం" అన్నాడు. టీచరమ్మ గారూ, మీకు ఒక ప్రశ్న. పొయ్యి మీద నుంచి తీసినప్పుడు సర్వపిండి అంచులు కరకరలాడుతున్నాయి, విరామం వేళకు మెత్తబడి సాగుతున్నాయట. ఏం చేయాలి?

పరకాల టీచరమ్మ

అమ్మా, బెల్లం గురించి నిపుణురాలి గారు చెప్పింది నేను కూడా నేర్చుకున్నాను, ఇకపై అలాగే చెబుతాను.

సర్వపిండిని గిన్నెలోంచి తీయగానే పళ్లెంలో వేస్తున్నట్టున్నారు. పళ్లేనికి ఆవిరి పట్టి అడుగు మెత్తబడుతుంది. జల్లెడ మీదో, వెదురు చాట మీదో వేసి, కింది నుంచి కూడా గాలి తగిలేలా పది నిమిషాలు ఉంచండి. పిండి ఇంకొంచెం పల్చగా ఒత్తండి, రంధ్రాలు దగ్గర దగ్గరగా చేయండి. ఉల్లికాడ తడి విడుస్తుంది కాబట్టి బడి రోజుల్లో అది మాని కరివేపాకు ఎక్కువ వేయండి. డబ్బా అడుగున మడిచిన నూలు గుడ్డ ముక్క ఒకటి పరిచి, చేత్తో ముట్టుకుంటే ఏమాత్రం వెచ్చగా లేదని తెలిశాకే మూత పెట్టండి. ముగ్గురు తింటున్నారంటే ఒక గిన్నె చాలదు, రెండో గిన్నె కూడా పొయ్యి ఎక్కించండి.